ఏమీ జరగకుండా ఉండేందుకు వేసుకునే బిళ్ల

(మాస్టారి వర్ధంతి సందర్భంగా, ఆయన పాఠాలు చెప్పిన బడిలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను ఈ బడిలోనే చదువుకున్నాను. ఇప్పుడు మైకు పెట్టిన ఈ చోటే అప్పట్లో సైన్సు గది ఉండేది. మాస్టారు పాఠం చెబుతూ చెబుతూ ఆగి, కిటికీలోంచి భీమవరం వైపు చెయ్యి చూపించి, "అదుగో, అక్కడ పుట్టాడర్రా యల్లాప్రగడ సుబ్బారావు" అనేవారు. ఏటా కనీసం నాలుగుసార్లు ఆ కథ వినేవాళ్లం. 1895లో పుట్టడం, మద్రాసులో వైద్యం చదవడం, అమెరికా వెళ్లడం, లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద, మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి తీసిన ఆరియోమైసిన్ మీద పని చేయించడం. అన్నీ అయ్యాక చివరి మాట ఒకటి ఉండేది. "1948 ఆగస్టులో గుండెపోటుతో పోయాడు. యాభై మూడేళ్లకే." అక్కడ ఆగి, బోర్డు తుడిచేసి, మళ్లీ పాఠంలోకి వెళ్లేవారు.

డాక్టరునయ్యాక ఆ 53 నాకు మళ్లీ ఎదురైంది. 2004లో ఇంటర్‌హార్ట్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. 52 దేశాల్లో మొదటిసారి గుండెపోటు వచ్చినవాళ్లను పరిశీలించారు. దక్షిణాసియా వాళ్లలో సగం మందికి 53 ఏళ్లలోపే వచ్చేసింది. మిగతా దేశాల్లో ఆ సంఖ్య దాదాపు 59. అంటే ఇంట్లో ఆడపిల్ల పెళ్లి, కొడుకు చదువు, ఇంటి అప్పు అన్నీ ఒకేసారి నెత్తి మీదున్న వయసులో మనవాళ్లకు గుండెపోటు వస్తోంది. ఆ కాగితం చదివిన రోజు నాకు బోర్డు తుడుస్తున్న మాస్టారే కనిపించారు.

సుబ్బారావుగారు పోయిన 1948లోనే అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 5,209 మందిని తీసుకుని, వాళ్లలో గుండెజబ్బు ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది అని ఏళ్ల తరబడి గమనించడం మొదలుపెట్టారు. బీపీ, పొగ, కొలెస్ట్రాల్ పేర్లు గుండెపోటు పక్కన చేరింది ఆ ఊరి జనం దయవల్లే. ఆయన పోయేనాటికి వైద్యుల చేతిలో ఈ లెక్కా లేదు, మందూ లేదు.

మాస్టారి విషయం వేరు. ఆయన పోయేనాటికి మందు ఉంది. ఆయన ఇంట్లోనే, అలమరలో, స్టీలు డబ్బాలో ఉంది.

వారి అమ్మాయిగారు అనుమతించారు కాబట్టే ఈ సంగతి చెబుతున్నాను. మాస్టారికి అరవై ఒకటో ఏట గుండెపోటు వచ్చింది. మొదట గ్యాస్ అనుకున్నారు, సోడా తాగారు, తెల్లారాక ఆసుపత్రికి వెళ్లారు. స్టెంటు వేశారు. ఇంటికొచ్చాక రెండేళ్లపాటు మందులు క్రమం తప్పకుండా వేసుకున్నారు. తర్వాత ఒక సంక్రాంతికి నేను ఊరొచ్చినప్పుడు రిపోర్టు తెచ్చి చూపించారు. ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, 62. పరీక్షలో మంచి మార్కులొచ్చిన పిల్లాడిలా ఉంది ఆయన ముఖం. "ఒరేయ్ డాక్టరూ, నార్మల్‌కొచ్చేసిందిరా. మోకాళ్లు, పిక్కలు లాగుతున్నాయి. ఈ కొలెస్ట్రాల్ బిళ్ల ఇంకెందుకు, ఆపేద్దామనుకుంటున్నా" అన్నారు. చుట్టూ బంధువులున్నారు, అరిసెల పళ్లెం వచ్చింది, మాట ఎటో వెళ్లిపోయింది. "ఆపకండి మాస్టారూ" అన్నాను గానీ ఎందుకు ఆపకూడదో కూర్చోబెట్టి చెప్పలేదు. ఆయన నాకు ఏ విషయమూ 'ఎందుకు' చెప్పకుండా వదలలేదు. ఆయన ఆపేశారు. ఆ ఏడు దసరా లోపల రెండో గుండెపోటు వచ్చింది.

బిళ్ల వేసుకుంటూ ఉంటే బతికేవారని నేను అనను. అలా అనే హక్కు ఏ డాక్టరుకూ లేదు. ఆ రోజు చెప్పకుండా వదిలేసిన 'ఎందుకు'ను ఈరోజు చెప్పడానికి మాత్రం ఈ ఉపన్యాసం ఒప్పుకున్నాను.

ఈ మందు కథ జపాన్‌లో మొదలవుతుంది. అకిరా ఎండో 1933లో ఉత్తర జపాన్‌లోని అకితా ప్రాంతంలో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు తాతగారి వెంట తిరిగి పుట్టగొడుగుల మీద, బూజుల మీద ఇష్టం పెంచుకున్నాడు. బూజులోంచి పెన్సిలిన్‌ను కనిపెట్టిన ఫ్లెమింగ్ అతనికి ఆదర్శం. సాంక్యో అనే మందుల కంపెనీలో చేరి, 1966 నుంచి రెండేళ్లు న్యూయార్క్‌లో పరిశోధన చేశాడు. గుండెపోటు వచ్చిన పెద్దవాళ్లను తీసుకెళ్లే అంబులెన్సులు అక్కడ తరచూ కనిపించేవి. ఇంటికి తిరిగొచ్చి ఒక ఊహ చేశాడు. కొన్ని సూక్ష్మజీవులు బతకడానికి కొలెస్ట్రాల్ లాంటి కొవ్వు కావాలి. వాటితో పోరాడే బూజులు ఆ కొవ్వు తయారీని ఆపే ఆయుధాన్ని తమలోనే దాచుకుని ఉండవచ్చు. 1971లో వెతకడం మొదలుపెట్టాడు. రెండేళ్లలో దాదాపు ఆరు వేల రకాలను పరీక్షించాడు. 1973లో దొరికింది. క్యోటోలో ఒక ధాన్యం కొట్టు నుంచి తెచ్చిన బియ్యానికి పట్టిన నీలిపచ్చ బూజు అది. వరి పండే ఊళ్లో పుట్టిన మనం ముక్కిపోయిందని పారబోసే బియ్యంలో దొరికిందా మందు. దానికి కాంపాక్టిన్ అని పేరు పెట్టారు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. ఈ మందును రెండుసార్లు పక్కన పెట్టేశారు. ఆ రెండుసార్లూ చెప్పిన కారణాలు, ఇవాళ మన ఇళ్లల్లో బిళ్ల ఆపేసేవాళ్లు చెప్పే కారణాలే.

మొదటిసారి ఎలుకలకు ఇచ్చారు. కొలెస్ట్రాల్ తగ్గలేదు. పని చేయడం లేదన్నారు. నిజానికి ఎలుక రక్తంలో మనకున్నంత ఎల్‌డీఎల్ ఉండదు, తగ్గడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. ఎండో వదల్లేదు. 1976లో ఒక సాయంత్రం, ప్రయోగశాల దగ్గరి తాగుడు దుకాణంలో, కోళ్ల మీద పరిశోధన చేసే కితానో అనే సహోద్యోగి కలిశాడు. గుడ్లు పెట్టే కోళ్లు అతని దగ్గరున్నాయి. గుడ్డు నిండా కొలెస్ట్రాలే కదా, అయితే పెట్ట ఒంట్లో అది బోలెడు తయారవుతూ ఉండాలి అనుకున్నారు ఇద్దరూ. ఆ కోళ్లకు మేతలో కలిపి పెడితే నెల తిరక్కుండానే కొలెస్ట్రాల్ దాదాపు సగానికి పడిపోయింది. తర్వాత కుక్కల్లో, కోతుల్లో కూడా తగ్గింది.

రెండోసారి భయం. 1980లో, చాలా పెద్ద మోతాదులు ఎక్కువకాలం తిన్న కుక్కల పేగుల్లో కణితుల్లాంటి మార్పులు కనిపించాయన్న అనుమానంతో సాంక్యో ప్రయోగాలు ఆపేసింది. అమెరికాలో మెర్క్ కంపెనీ అదే జాతి మందును మరో బూజు నుంచి తీసింది. వాళ్లూ ఈ వార్త విని ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టించింది డాక్టర్లు. పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండి, చిన్న వయసులోనే గుండెపోటుకు గురయ్యే రోగులు వాళ్ల చేతుల్లో ఉన్నారు. వాళ్లకివ్వడానికి వేరే ఏదీ లేదు. ఆ పట్టుదలవల్ల 1987 సెప్టెంబరులో లోవాస్టాటిన్ అమెరికా మార్కెట్లోకి వచ్చింది.

ఈ రెండింటికీ మధ్య, 1978లో, ఒసాకాలో ఇంకో సంఘటన జరిగింది. నాకు అన్నిటికంటే విలువైంది అదే. పుట్టుకతో వచ్చిన కొలెస్ట్రాల్ జబ్బుతో బాధపడుతున్న పద్దెనిమిదేళ్ల అమ్మాయికి డాక్టర్ యమమోతో కాంపాక్టిన్ ఇచ్చారు. కొలెస్ట్రాల్ తగ్గింది, దాంతోపాటు కండరాల్లో బలహీనత వచ్చింది. ఆపితే బలహీనత పోయింది. ఆయన మందును పారెయ్యలేదు, అమ్మాయి బాధనూ కొట్టిపారెయ్యలేదు. మోతాదు తగ్గించి మళ్లీ ఇచ్చారు. దాదాపు యాభై ఏళ్ల కింద ఒక డాక్టరు చేసిన ఆ చిన్న పని, ఆ సంక్రాంతి నాడు నేను మాస్టారికి చేయవలసిన పని.

ఇప్పుడు ఆ మొదటి 'ఎందుకు'. రిపోర్టు నార్మల్ వచ్చాక బిళ్ల ఎందుకు?

మన రక్తంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మనం తిన్నది కాదు, ఒళ్లు స్వయంగా తయారుచేసుకున్నది. అందుకే జీవితమంతా పప్పు, కూర, మజ్జిగతో గడిపినవాళ్లకూ పెరుగుతుంది. మాస్టారు శాకాహారి. ఈ కొలెస్ట్రాల్ బిళ్లల జాతి పేరు స్టాటిన్. అది వెళ్లి కాలేయంలో ఆ తయారీలో కీలకమైన ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. కాలేయానికి కొరత వస్తుంది. కొరత తీర్చుకోవడానికి తన కణాల మీద మరిన్ని తలుపులు తెరిచి, రక్తంలో తిరుగుతున్న ఎల్‌డీఎల్‌ను లోపలికి లాక్కుంటుంది. ఆ తలుపులను కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. బిళ్ల ఉన్నన్నాళ్లే ఆ తలుపులు అన్ని ఉంటాయి. ఆపేస్తే కొన్ని వారాల్లో తయారీ మళ్లీ మొదటికొస్తుంది, ఎల్‌డీఎల్ మళ్లీ పాత చోటికి చేరుతుంది. మాస్టారి 62 ఆయన ఒంటి అంకె కాదు, బిళ్ల వేసుకుంటున్న ఒంటి అంకె. గొడుగు కింద తడవడం లేదు కదా అని వానలో గొడుగు మూసేశారు ఆయన.

రెండో 'ఎందుకు' ఇంకా కష్టమైంది. ఈ బిళ్ల వేసుకుంటే ఒంటికి ఏమీ తెలియదు. జ్వరం బిళ్ల వేసుకుంటే చెమట పట్టి తగ్గుతుంది. తలనొప్పి బిళ్ల గంటలో తెలుస్తుంది. ఇది పదేళ్లు వేసుకున్నా "హమ్మయ్య" అనిపించదు. ఎల్‌డీఎల్ రక్తనాళం గోడలో చేరి, వాచి, మెత్తని గడ్డలా ఏళ్ల తరబడి పెరుగుతుంది. ఒకరోజు అది పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి, నాళం మూసుకుపోతుంది. స్టాటిన్ ఆ గడ్డ పెరుగుదలను తగ్గిస్తుంది, పగలకుండా గట్టిపరుస్తుంది. పగలని రోజు మనకు మామూలు రోజులాగే ఉంటుంది.

మరి పని చేస్తుందని ఎలా తెలుసు? 1994లో ఉత్తర ఐరోపా దేశాల్లో చేసిన ఒక ప్రయోగం ఫలితం వచ్చింది. అప్పటికే గుండెజబ్బు ఉన్న 4,444 మందిలో సగం మందికి సింవాస్టాటిన్, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి, అయిదేళ్లకు పైగా చూశారు. ఉత్తుత్తి బిళ్ల వాళ్లలో నూటికి 12 మంది చనిపోయారు. మందు వేసుకున్నవాళ్లలో నూటికి 8 మంది. ఆ లెక్కను ఒక్క నిమిషం మనుషులుగా ఊహించండి. ఈ హాల్లో ముందు వరసల్లో కూర్చున్న వంద మందిని అనుకోండి. 88 మంది బిళ్ల లేకపోయినా అయిదేళ్లు బతికేవాళ్లే. 8 మందిని బిళ్ల కూడా కాపాడలేదు. మధ్యలో నలుగురు. ఆ నలుగురు ఎవరో వాళ్లకూ తెలియదు, వాళ్ల ఇంట్లోవాళ్లకూ తెలియదు, మందు రాసిన డాక్టరుకూ తెలియదు. మనవరాలి పెళ్లిలో కుర్చీ వేసుకుని కూర్చున్న తాతగారు ఆ నలుగురిలో ఒకరై ఉండవచ్చు. ఎవరూ వచ్చి కృతజ్ఞతలు చెప్పని వైద్యం ఇది. నేను ఈ వృత్తిలో నమ్ముతున్నవాటిలో దీన్నే ముందు పెడతాను.

ఇక పిక్కలు లాగడం. మాస్టారు అబద్ధం చెప్పలేదు, నొప్పి నిజం. కానీ నొప్పికి కారణం బిళ్లేనా? 2020లో లండన్‌లో చేసిన ఒక పరిశోధన గురించి చెబుతాను. ఇబ్బందులు వచ్చాయని స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఏడాదిలో నాలుగు నెలలు స్టాటిన్, నాలుగు నెలలు ఉత్తుత్తి బిళ్ల, నాలుగు నెలలు ఏదీ లేకుండా, కలగాపులగంగా ఇచ్చి, రోజూ తమ బాధకు మార్కులు వేయమన్నారు. స్టాటిన్ నెలల్లో వచ్చిన అదనపు బాధలో 90 శాతం ఉత్తుత్తి బిళ్ల నెలల్లో కూడా వచ్చింది. అంటే చాలావరకు బిళ్ల వేసుకుంటున్నామన్న భయమే నొప్పిని తెచ్చింది. భయం తెచ్చిన నొప్పి కూడా నొప్పే. దాన్ని చులకన చేసి నవ్వే డాక్టరు రోగిని బిళ్లకూ తనకూ కూడా దూరం చేసుకుంటాడు.

నిజంగానే మందువల్ల వచ్చే కండరాల నొప్పి కొందరికి ఉంటుంది. అప్పుడు మోతాదు తగ్గించవచ్చు, మరో స్టాటిన్‌కు మారవచ్చు, రోజు విడిచి రోజు వేయవచ్చు, తక్కువ మోతాదుకు ఎజెటిమైబ్ అనే మరో మందు చేర్చవచ్చు. 10 ఎమ్‌జీ అటోర్వాస్టాటిన్ ఒక్కటే ఎల్‌డీఎల్‌ను మూడో వంతుకు పైగా తగ్గిస్తుంది. ఆ పైన మోతాదు రెట్టింపు చేసిన ప్రతిసారీ అదనంగా దక్కేది దాదాపు 6 శాతమే. కాబట్టి సగం బిళ్ల అంటే సగం ఫలితం కాదు, అంతకంటే చాలా ఎక్కువ. ఈ ఒక్క మాట తెలియక, పూర్తి మోతాదు పడలేదని పూర్తిగా మానేసినవాళ్లను వారం వారం చూస్తున్నాను. ఒళ్లంతా తీవ్రంగా నొప్పులు, కాళ్లు చచ్చుబడినట్టుండటం, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో రావడం మాత్రం చాలా అరుదు. అయితే వస్తే ఆ రోజే ఆసుపత్రికి రావాలి. ఇన్ఫెక్షన్‌కు క్లారిత్రోమైసిన్ లాంటి మందు రాస్తున్నప్పుడు "నేను కొలెస్ట్రాల్ బిళ్ల వేసుకుంటున్నాను" అని చెప్పాలి. గర్భం దాల్చాలనుకునే అమ్మాయిలు ముందే డాక్టరుతో మాట్లాడాలి. షుగరు వచ్చే అంచున ఉన్నవాళ్లలో కొద్దిమందికి ఈ మందు షుగరును కొంచెం ముందుకు లాగుతుంది, నిజమే. వాళ్ల గుండెకు చేసే మేలు దానికంటే పెద్దది.

"ఇంగ్లీషు మందు వద్దండీ, సహజమైనది ఏదైనా" అని అడిగేవాళ్లకు ఒక మాట. ఎర్ర బూజు పట్టించిన బియ్యం పొడి అని గొట్టాల్లో అమ్ముతున్నారు. అది కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. ఎందుకంటే అందులో ఉన్నది లోవాస్టాటినే. ఎండోయే 1979లో ఆ ఎర్ర బూజులోంచి దాన్ని విడదీసి చూపించాడు. తేడా ఏమిటంటే ఒక గొట్టంలో ఎంత ఉందో, దానితోపాటు ఇంకేం ఉందో చెప్పేవాళ్లు లేరు. 2024లో జపాన్‌లోనే అలాంటి పొడి తిని చాలామందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి.

అందరూ ఈ బిళ్ల వేసుకోవాలా? కాదు. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు, స్టెంటు వేయించుకున్నవాళ్లు, నలభై దాటిన షుగరు రోగుల్లో ఎక్కువమంది, పుట్టుకతో ఎల్‌డీఎల్ 190 దాటిన కుటుంబాలవాళ్లు వేసుకోవాలి, ఇందులో నాకు సందేహం లేదు. మిగతావాళ్ల విషయం వయసు, పొగ, బీపీ, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో వచ్చిందా అన్నవన్నీ చూసి కూర్చుని తేల్చుకోవాలి. నడక, పొగ మానడం, నూనె వేపుళ్లు తగ్గించడం బిళ్ల వేసుకున్నా తప్పవు.

నా తోటి డాక్టర్లు కూడా ఈ హాల్లో ఉన్నారు. పేదదేశాల్లో గుండెపోటో పక్షవాతమో వచ్చి బతికినవాళ్లలో ఎంతమంది స్టాటిన్ వేసుకుంటున్నారని 2011లో వచ్చిన ప్యూర్ పరిశోధన లెక్కగట్టింది. అప్పట్లో ఆ దేశాల జాబితాలో మనమూ ఉన్నాం. సంపన్న దేశాల్లో నూటికి 66. మన జాబితాలో నూటికి 3. స్టెంటు ఖర్చుతో పోలిస్తే బిళ్ల ధర లెక్కలోకి రాదు. అటోర్వాస్టాటిన్ ప్రభుత్వ అత్యవసర మందుల జాబితాలో ఉంది, ధర మీద నియంత్రణ ఉంది. అయినా మనవాళ్లకు చేరడం లేదు, చేరినా నిలవడం లేదు. మనం చీటీ రాయడానికి తీసుకునేది రెండు నిమిషాలు. "ఇది జీవితాంతం, ఎందుకంటే..." అని చెప్పడానికి ఇంకో మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలు నేను నా గురువుకే ఇవ్వలేదు. మీరు మీ రోగులకు ఇవ్వండి.

ఈ బిళ్లకు మూలమైన బూజును వెతికి పట్టుకున్న అకిరా ఎండో 2024 జూన్ 5న తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ బూజు మీద అతనికి రాయల్టీ రాలేదు.

ఈ సభ అయ్యాక వరండాలో లిపిడ్ పరీక్షకు రక్తం తీసుకుంటారు. మాస్టారి కుటుంబం ఏర్పాటు చేసింది, డబ్బు కట్టక్కర్లేదు. పరగడుపున ఉండక్కర్లేదు, భోజనం చేసి వచ్చినవాళ్లూ ఇవ్వవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లెవరైనా ఒక్కసారైనా చేయించుకోవాలి. వెనక వరసల్లో నిలబడ్డ కుర్రాళ్లు ముందు రండి. ఇంట్లో నాన్నగారో అమ్మగారో తాతగారో స్టెంటు వేయించుకున్నవాళ్లుంటే, ఈ రాత్రి వాళ్ల మందుల డబ్బా తీసి చూడండి. కొలెస్ట్రాల్ బిళ్ల స్ట్రిప్పులో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. మిగలకూడనివి మిగిలి ఉంటే, వాళ్లను కోప్పడకండి. ఎందుకు ఆపారో అడగండి. వాళ్ల మందుల చీటీ తీసుకుని నా దగ్గరికి రండి, రేపు సాయంత్రం దాకా ఊళ్లోనే ఉంటాను.